దెబ్బ కాని దెబ్బ

పోయినవారం పత్తి కొట్టం తలుపుకు గొళ్ళెం పడిన చప్పుడు దగ్గర ఆగాం. తలుపు లోపల హులిగమ్మ. తలుపు బయట, చేతిలో చెర్నాకోలతో, ఆమె బావ మాదన్న. ఇంతదాకా ఎలా వచ్చిందో మరిచిపోయినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. ఆదోని అప్పట్లో బళ్ళారి జిల్లాలో ఉండేది. పత్తి బండ్లు తోలించే హుసేనప్పకు డెబ్బై రెండేళ్ళు. మొన్నమొన్నటిదాకా తిరగబడ్డ ఎద్దును కొమ్ము పట్టి వంచిన మనిషి. ఉగాది వెళ్ళిన రెండు వారాలకు ఉన్నట్టుండి మతి తప్పింది. కొడుకులను గుర్తుపట్టడు. ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దును పేరు పెట్టి అదిలిస్తాడు. ఒళ్ళు పట్టుకుంటే కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. జ్వరం లేదు కాబట్టి జబ్బు కాదన్నారు. గాలి సోకిందని వేపమండలతో కొట్టారు, చేతికి తాయెత్తు కట్టారు. చిన్న కోడలు హులిగమ్మకు మాత్రం మనసొప్పలేదు. తన పుట్టిల్లు ఎమ్మిగనూరు. అక్కడ ఒక డాక్టరమ్మ దగ్గర నెత్తురు పరీక్ష చేసే కిరస్తానీ మనిషి ప్రభుదాసును పిలిపించింది. అతడు సైకిలు మీద వచ్చి, ముసలాయన వేలు పొడిచి, చుక్క నెత్తురు గాజుబిళ్ళ మీద పూసి, కంటికి ఆననివాటిని పెద్దగా చూపించే తన ఇత్తడి యంత్రంలో చూసి, ఆసుపత్రుల్లో అలవాటైన మాట ఒకటి అన్నాడు: "నెత్తురు విషమైందన్నా."

అతడు చెప్పింది జబ్బు పేరు. మాదన్న చెవిన పడింది విషం. విషమైతే ఎవరో పెట్టి ఉండాలి కదా! సంగటి కెలికి ముసలాయన నోట్లో పెట్టేది ఎవరు? హులిగమ్మ. ఇక ఆలోచన లేదు, జుట్టు పట్టి కొట్టంలోకి ఈడ్చుకుపోయాడు.

ఇప్పుడు మాదన్న వసారాలోకి వచ్చి చెర్నాకోల కొసను పంచెతో తుడిచాడు. పంచె ఎర్రబడింది. అది కళ్ళారా చూసి కూడా బసవన్న, అంటే హులిగమ్మ మొగుడు, స్తంభానికి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కొట్టే చేతిని చూస్తే నాకు కోపం వస్తుంది. చూస్తూ కూర్చున్న కళ్ళను మాత్రం క్షమించలేను.

"కంపౌండరూ, ఆ ఇషం పేరు సెప్పు," అన్నాడు మాదన్న ప్రభుదాసుతో.

"పేరుండే ఇషం కాదన్నా అది. నేను సెప్పింది ఒకటి, నువ్వు ఇన్నది ఒకటి."

"నా సెవుల్లో పత్తి కుక్కుకున్నాననుకుంటివా? ఇషమని నీ నోటితో అన్లేదా?"

"అంటి. అది మా ఆసుపత్రి మాట. ఒంట్లో యాడో సీము పట్టింది. ఆ సీము పురుగు నెత్తుర్లోకి దిగింది. దాన్ని మేము అట్లంటాం. ఎవురూ పెట్టింది కాదు."

"సీము పడితే జరం రాదా? మా నాయన ఒళ్ళు సూడు, శవం మాదిరి సల్లగుంది."

"పడుసోళ్ళకు వస్తాదన్నా. ముసలోళ్ళకు రావాలని లేదు. నివురు మీద సెయ్యి పెడితే సల్లగానే ఉంటాది, కింద నిప్పుంటాది. ముసలోళ్ళకు మతి తప్పుతాది సూడు, అదే వాళ్ళకు జరం."

ముసలాయన మంచం తలాపున ఈరమ్మ కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది. హుసేనప్పకు అక్క, నాలుగేళ్ళు పెద్ద. ఒక్క పన్ను లేదు గానీ మాటకు మాత్రం పదును తగ్గలేదు. "ఒరే మాదా," అంది, "ఇషం పెట్టినదే పరీక్ష సేసేవాణ్ణి పిలిపిస్తాదేమిరా? కన్నమేసినోడు పోయి పోలీసోణ్ణి పిల్సుకొస్తాడా?"

"వస్తాడత్తా. దొంగే ముందర అరుస్తాడు."

అని మాదన్న నడుముకు చుట్టిన తువ్వాలు విప్పి రోట్లో దులిపాడు. దొర్లిపడ్డవి గన్నేరు కాయలు. మా సీమలో ఆడపిల్లలకు నడక రాకముందే చెబుతారు, ఆ కాయ ముట్టకూడదని. ఒక్కటి చాలు మనిషి పోవడానికి. అక్కడ పదీ పదిహేనూ ఉన్నాయి. మాదన్న పొత్రం అందుకున్నాడు.

"సాయంత్రం మిల్లు కూత కూసేలోపల పేరు సెప్పాల. లేదంటే ఇది నూరి దానికే తాపిస్తా. తప్పు సేసుండకపోతే అమ్మవారే కాపాడుకుంటాది."

పొత్రం కిందికి పడింది. రాతి మీద రాయి. ఆ చప్పుడు కొట్టంలోకి వినబడింది కాబోలు, తలుపు లోపలి నుంచి గొంతు వచ్చింది. అరుపు కాదు, ఏడుపు కాదు.

"ఈరత్తా! మామకు నీళ్ళు తాపండి. పొద్దున్నుంచి సుక్క తాగలే."

ప్రభుదాసు గాజుబిళ్ళ పట్టుకుని లేచాడు. "అన్నా, ఒక్కసారి ఈ గాజులో నువ్వే సూడు. సూసినంక నీ ఇష్టం."

మాదన్న చేత్తో కొట్టాడు. బిళ్ళ నేలమీద పడింది. దాన్ని చెప్పు కాలితో నలిపాడు, పిండి అయ్యేదాకా. "గాజు మీద మరక సూసి మా ఇంటి గుట్టు సెప్తావా? నీ తరమేమి, నా నాయన నెత్తురు ముట్టే తరమేమి?" అంటూ చెర్నాకోల కట్టెతో మొహం మీద కొట్టాడు. ప్రభుదాసు కనుబొమ పగిలింది. కన్ను నిండి, చెంప మీదికి దిగి, చొక్కా మీద పడింది నెత్తురు. ఇంకొకడైతే సైకిలెక్కి పారిపోయేవాడు. ఆ మనిషి ఏం చేశాడో చూడండి. పెట్టెలో నుంచి కొత్త గాజుబిళ్ళ తీసి, తన చెంప మీద కారుతున్న చుక్కనే దాని మీదికి పట్టాడు.

"సూది పొడ్సుకునే పని తప్పింది. మంచిదే," అన్నాడు. "నాది ఒకటి, మీ నాయనది ఒకటి, పక్కపక్కన పెట్టి సూపిస్తా. తేడా నేను సెప్పను, నువ్వే సెప్పు."

"మా నాయన్ని ముట్టితే సెయ్యి నరుకుతా."

"నరుకుదువులే," అని ఈరమ్మ తమ్ముడి చేయి లాగి, వేలు తానే ముందుకు చాపింది. "నా తోడబుట్టినోడు వీడు. పుట్టినప్పుడు ఎత్తుకున్నది నేను, నువ్వు కాదు. పొడువప్పా. ఆ సుక్క సూసేదాకా వాడు ఆ గన్నేరు నూరుకోనీ."

మేనత్త మీద చేయి ఎత్తలేక మాదన్న మళ్ళీ పొత్రం మీద పడ్డాడు. ఇటు ప్రభుదాసు ముసలాయన నెత్తురును ఇంకో బిళ్ళ అంచుతో పలచగా లాగాడు, అట్టు పోసినట్టు. నీలం మందు పోశాడు, నీళ్ళతో కడిగాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది, బండ మీద పెట్టగానే ఆరిపోయాయి రెండూ. అంతసేపూ రోట్లో ఆ చప్పుడు. కొట్టంలో హులిగమ్మ ఆ చప్పుళ్ళన్నీ వింటూ కూర్చుంది.

"మాదన్నా, రా."

మాదన్న కదల్లేదు.

"కైరుప్పల ఉగాది పోరులో అందరికంటే ముందర దూకేవానివి," అంది ఈరమ్మ, "గాజులోకి సూసేదానికి బయమేమిరా? లోపల నుంచి దయ్యమేమన్నా కరుస్తాదా?"

వాడు వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని కన్ను ఆనించాడు.

మొదట చూపించింది ప్రభుదాసు నెత్తురు. కొర్రలు ఆరబోసినట్టు సన్నసన్నగా గుండ్రని కణాలు. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పెద్దవి, తెల్లకణాలంటారు వాటిని. మందు పట్టి లోపల ఊదారంగు పూసలు తేలాయి, మూడో నాలుగో, దారానికి గుచ్చినట్టు.

"ఆ పూసలుండేవే మనిషికి కావలి," అన్నాడు ప్రభుదాసు. "సీము పురుగొస్తే కలబడేవి అవే. ఇప్పుడు మీ నాయనది సూడు. ఎన్నున్నాయని లెక్క పెట్టొద్దు. ముసలోళ్ళకు లెక్క పెరగదు, ఆడనే అందరూ మోసపోయేది. రూపం సూడు."

మాదన్న చూశాడు. చాలాసేపు చూశాడు. పన్నెండు ఎద్దులకు తన చేత్తో లాడాలు కొట్టేవాడు, ఆ రూపం వాడికి ఒకరు చెప్పాలా?

"ఇవి... లాడం మాదిరి ఉండాయే! పూసలు లేవు. అన్నీ లాడాలే."

"అవి పసివి. ఇంకా పూస కట్టలే. మామూలుగా బయటికి రావు. పోరులో పెద్దోళ్ళంతా పడిపోయినారనుకో, ఊరు ఏం సేస్తాది? మీసం రానోళ్ళను పంపుతాది. మీ నాయన ఒళ్ళు ఇప్పుడు మీసం రానోళ్ళను పంపుతాండాది అన్నా. సీముతో కొట్లాట అది. గన్నేరు తిన్నోడైతే కక్కుకుంటాడు, గుండె ఆగి పోతాడు. ఇట్లా లాడాలు ఇన్ని బయటికి రావు. నేను నేర్సుకున్నది అదే, నా తల్లి మీద ఒట్టు."

నెత్తుట్లో పురుగుల పోరు గురించి కాదు గానీ, మనుషులు కలబడే పోరు గురించి మాదన్నకు బాగా తెలుసు. వాడు మళ్ళీ ప్రభుదాసు బిళ్ళ చూశాడు, మళ్ళీ తండ్రిది చూశాడు. లేచి రోటి దగ్గరికి నడిచాడు. నూరిన ముద్దంతా చేత్తో తోడి పెంటకుప్ప మీద విసిరికొట్టి, మట్టితో చేతులు రుద్దుకున్నాడు.

అంతటితో అయిపోయిందనుకున్నారా? మాదన్న మొండితనం అంత తొందరగా చల్లారేది కాదు.

"సీమంటావు. సీముంటే దెబ్బ ఉండాల కదా? మా నాయనకు దెబ్బ యాడుంది? దెబ్బ సూపించేదాకా ఆ గొళ్ళెం తీయను."

"అదే నన్నూ పీకుతాండాది," అన్నాడు ప్రభుదాసు. "పొద్దున అందర్నీ అడిగితి. దెబ్బ తగల్లేదంటిరి. కాళ్ళూ ఏళ్ళూ, వీపూ ఎతికినా. తలపాగా మాత్రం తీయనీలే మీరు."

"తలలో దెబ్బేముందప్పా," అంది ఈరమ్మ. "దేవుని ప్రసాదముండాది, అంతే."

"ప్రసాదమా?"

ఇది మీకు విడమరచి చెప్పాలి. ఉగాది మరునాడు కైరుప్పలలో ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటారు, దేవుడి పక్షం ఒకటి, దేవి పక్షం ఒకటి. హుసేనప్పది ఆ ఊరే. ఆదోనికి వచ్చి నలభై ఏళ్ళయినా ఏటా కొడుకులతో పోయి నిలబడతాడు. ఆ పోరులో తగిలినదాన్ని ఆ ఇంట్లో దెబ్బ అనకూడదు. తాతల నాటి కట్టడి. ప్రసాదం అనాలి. దాని మీద విభూది అదిమి, తలపాగా చుట్టి, ఇరవై ఒక్క రోజులు విప్పకూడదు, తడపకూడదు. పొద్దున ప్రభుదాసు "దెబ్బ తగిలిందా?" అని అడిగితే ఇంటిల్లిపాదీ "లేదు" అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ భాషలో ఆయనకు దెబ్బే తగల్లేదు.

ఆ రోజు పంతొమ్మిదో రోజు.

"తలపాగా విప్పాల," అన్నాడు ప్రభుదాసు.

"ఇరవై ఒకటో దినం విప్పుతాం."

"ఇరవై ఒకటో దినం ఈయన ఉండడు."

మాదన్న చెర్నాకోల లేచింది. అది దిగేలోపలే ఈరమ్మ మంచం మీదికెక్కి తమ్ముడి తలను ఒడిలోకి తీసుకుంది. "పాపమైతే నాకే తగలనీ," అని తలపాగా చుట్లు లాగిపారేసింది. అడుగున విభూది గట్టిపడి గోడకు వేసిన సున్నంలా ఉంది. ప్రభుదాసు వేడినీళ్ళ గుడ్డ పెట్టి నానబెట్టి పెచ్చు ఎత్తాడు. వెంట్రుకలతో సహా ఊడి వచ్చింది. కింద నుంచి పచ్చగా, చిక్కగా చీము ఉబికి ఈరమ్మ ఒడి తడిసింది. ఆ వాసనకు బసవన్న వాకిట్లోకి పరుగెత్తి కక్కుకున్నాడు. ఐదు రోజులుగా చల్లగా పడి ఉన్న ముసలాయన ఒక్క కేక పెట్టి లేచి, ఎదురుగా ఉన్న ప్రభుదాసు గొంతు పట్టుకున్నాడు. ఆ చేతులు విడిపించడానికి మాదన్న తన బలమంతా పెట్టాల్సి వచ్చింది. తండ్రి గోళ్ళు వాడి ముంజేతిని చీరేశాయి.

"పట్టుకో అన్నా, ఇడ్సొద్దు," అంటూ ప్రభుదాసు పుండులోకి పట్టుకారు దించాడు. లోపల ఏదో గట్టిగా తగిలింది. లాగాడు. కంచు గిన్నెలో పడి ఠంగున మోగింది. వేలిగోరంత తెల్లటి పలుగురాయి ముక్క.

ముగ్గురూ గిన్నెలోకి చూశారు.

"పిడకలో రాయేంటికి వస్తాది?" అంది ఈరమ్మ.

ప్రభుదాసు చేతులు కడుక్కుంటూ, "అది మీరే తేల్సుకోవాల. నాకు ఇప్పుడు మందు కావాల. సీము పురుగును సంపే బిళ్ళలు కొత్తగా వచ్చినాయి, మా డాక్టరమ్మ బీరువాలో ఉండాయి. ఎమ్మిగనూరు పదిహేడు మైళ్ళు. ఇప్పుడు సైకిలెక్కితే పొద్దుగూకి జామయ్యేలోపల తెస్తా. ఆలస్యమైతే పెద్దాయన దక్కడు," అన్నాడు. అని ఊరుకుని ఉంటే బాగుండేది. గాయానికి గుడ్డ చుడుతూ, తనలో తాను అనుకున్నట్టు, "సరిగ్గా తల ఎనకాల..." అన్నాడు.

మాదన్న కాలు లేచి అతడి డొక్కలో తగిలింది. ప్రభుదాసు గోడకు కొట్టుకుని కూలబడ్డాడు.

"ఎనకాలనా! మా నాయన ఎన్ను సూపించి పరిగెత్తినాడంటావా? యాభై ఏండ్లు ముందర నిలబడినోణ్ణి పట్టుకుని!"

"ఆగరా పోట్లగిత్తా!" ఈరమ్మ అరిచింది. "ఎన్ను సూపలేదు వాడు. మిద్దె మీద నుంచి నేను సూస్తాండా గదా! ఎదుటోళ్ళ మొహం మీదికే పోతాండాడు, పోతాపోతా కూలబడినాడు. ఎనకాల నుంచే తగిలింది. వాని ఎనకాల ఉండింది మీరిద్దరే."

మాదన్న మెల్లిగా తమ్ముడి వైపు తిరిగాడు. కక్కుకుని మూతి తుడుచుకుంటూ వస్తున్న బసవన్న గడప దగ్గరే ఆగిపోయాడు.

"నువ్వా?"

"అన్నా, నా సేతిలో పిడకే లేదన్నా..."

"పెండ్లాన్ని తంతాంటే నోరెత్తకుండా కూర్సుంటివే, ఇందుకా!"

స్తంభానికేసి గుద్దాడు. రెండు చేతులూ గొంతు చుట్టూ బిగించాడు. బసవన్న కాళ్ళు నేల విడిచాయి. ప్రభుదాసు లేవబోయి డొక్క పట్టుకుని మళ్ళీ కూలబడ్డాడు. ఈరమ్మ విసనకర్రతో మాదన్న వీపు మీద బాదింది, అది విరిగింది. బాది లాభం లేదని, ముసలిది పరుగున కొట్టం దగ్గరికి పోయి గొళ్ళెం లాగింది.

హులిగమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. రవిక వీపున పేలికలైంది. ఆ పేలికలకు పత్తి అంటుకుని, పత్తి ఎర్రగా తడిసి ఉంది. తల చెదిరి, పెదవి చిట్లి, ఒక కన్ను మూసుకుపోయింది. వసారాలోకి నడిచి మొగుడి వైపు చూడలేదు. మంచం వైపు చూసింది. గిన్నె వైపు చూసింది. వంగి ఆ రాయి ముక్కను రెండు వేళ్ళతో ఎత్తి, వెలుతురులో తిప్పింది.

"వాణ్ణి ఇడ్సు బావా," అంది.

మాదన్న వినలేదు. బసవన్న నాలుక బయటికి వస్తోంది.

"ఇడ్సు. పిడకల్లో పలుగురాయి పెట్టి తట్టమని నాకు సెప్పిందెవురు? వాడా, నువ్వా?"

మాదన్న చేతులు సడలాయి. బసవన్న గుడ్డమూటలా కిందికి జారి, దగ్గుతూ, నేల గీరుకుంటూ ఊపిరి తీసుకున్నాడు.

"ఎదుటోళ్ళకేనంటివి. వాళ్ళ మగతనం అణగాలంటివి. వద్దంటే కడుపులో తన్నితివి. రాళ్ళు నువ్వే ఏరి తెచ్చి నా ముందర పోస్తివి. తట్టినా. ఆరినంక నీ సేతికే ఇచ్చినా, ఇంకో మనిసికి ఇయ్యలే." ఆమె రాయిని మాదన్న కళ్ళ ముందుకు చాపింది. "ఈ రాయి వాని పిడకలోది కాదు బావా. నీ పిడకలోది. ఇప్పుడు సెప్పు. మామ ఎనకాల నిలబడి దాన్ని ఏసింది ఎదుటోని మీదికేనా?"

దూరాన మిల్లు కూత కూసింది. ఈరమ్మ చేతిలో విరిగిన విసనకర్ర అలాగే ఉండిపోయింది. ప్రభుదాసు ఒక చేత్తో డొక్క అదిమిపట్టి, ఇంకో చేత్తో గోడ పట్టుకుని లేచి, వాకిట్లో ఆనించిన సైకిలు వైపు రెండడుగులు వేశాడు.

మాదన్న అతడికంటే ముందు నడిచాడు. పోయి వీధి తలుపు రెక్కలు రెండూ దగ్గరికి వేసి, అడ్డగడియ ఎత్తి, లోపలి నుంచి బిగించాడు.